కడబంతి

ఆదివారం సాయంత్రం ఆరున్నర. పబ్బు గుమ్మంలో నిలబెట్టిన నల్లపలక మీద సుద్దముక్కతో రాసి ఉంది: రోస్టు అయిపోయింది. గుంటూరువాడికి ఈ బోర్డు ఒక పట్టాన మింగుడుపడదు. 'మీల్స్ రెడీ' అని వీధి వీధంతా చాటే బోర్డు మనకి తెలుసు గానీ, అయిపోయిందన్న సంగతిని అంత గుండ్రటి అక్షరాల్లో రాసి గుమ్మంలో పెట్టుకోవడం ఎక్కడా చూడలేదు. అందులోనూ ఆదివారం ఆరున్నరంటే మా బ్రాడీపేట హోటళ్లకి అప్పుడే తెల్లవారినట్టు లెక్క.

మావాడికి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం. ఆరునెలల విజిటర్ వీసా మీద మేమిద్దరం వెళ్లాం. ఆదివారం సాయంత్రం వాళ్లమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లకూడదని వాడు ఒక నియమం పెట్టాడు. కోడలు ఇంకో అడుగు ముందుకేసి, "ఈ ఊళ్లో పబ్బు చూడకపోతే ఏమీ చూడనట్టే అత్తయ్యా" అంది. పబ్బు అనగానే మా ఆవిడ నా వైపు చూసిన చూపులో ముప్పయ్యెనిమిదేళ్ల సంసారం ఉంది. ఆవిడకి తెలిసిన బార్ అంటే అరండల్‌పేటలో నల్ల అద్దాల వెనక పట్టపగలే చీకటి చేసుకుని కూర్చునే చోటు. పక్కన రెస్టారెంట్ అన్న మాట తగిలించుకున్నా సరే, ఆ గుమ్మం దాటేటప్పుడు ఆడవాళ్లు నడక వేగం పెంచుతారు.

లోపలికి వెళ్తే చంటిపిల్ల ఎత్తు కుర్చీలో కూర్చుని బంగాళాదుంప ముక్కని చప్పరిస్తోంది. బల్ల కింద ఓ కుక్క నిద్రపోతోంది. ఓ ముసలి జంట పేపర్లో గళ్లనుడికట్టు నింపుకుంటున్నారు, చెరో సగం పైంటు ముందు పెట్టుకుని, అది తాగుతున్నట్టు కూడా లేదు. మా ఆవిడ చుట్టూ చూసి, "ఇది బారేమిట్రా, పెద్దమ్మ వాళ్ల వసారాలా ఉంది" అంది. పబ్ అంటే పబ్లిక్ హౌస్ అన్న మాటకి పొట్టిరూపమని మావాడు చెప్పాడు. అందరి ఇల్లు! పేరు బాగుంది. ఈ పేరుని ఇంత తేలిగ్గా నమ్మకూడదని తర్వాత తెలిసింది, ఆ సంగతికి వస్తాను.

రోస్టు ఎందుకు అయిపోయిందంటే, అది మధ్యాహ్నపు వంట. వెనకటికి పొద్దున్నే పెద్ద మాంసం ముద్దని పొయ్యిలో పెట్టి చర్చికి వెళ్లేవాళ్లు. తిరిగొచ్చేసరికి అది కాలి సిద్ధంగా ఉండేది. దాంతోపాటు వేయించిన దుంపలు, చిక్కటి గ్రేవీ, యార్క్‌షైర్ పుడ్డింగ్ అని పేరుకి తీపిలా వినిపించే ఓ ఉప్పటి గిన్నెగారె. ఆదివారం మొత్తం ఆ భోజనం చుట్టూనే తిరుగుతుంది, సాయంత్రానికి మిగిలేది చల్లారిన పొయ్యే. 1995 దాకా ఇంగ్లండులో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పబ్బులు మూసేసి మళ్లీ ఏడింటికి గాని తెరిచేవారు కారట. చట్టమే అలా ఉండేది. ఆ నాలుగు గంటలూ ఊరు ఊరంతా నిద్రలో జోగేదన్నమాట. మనకి ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కోడికూరతో, ఆపైన వచ్చే కునుకుతో గడిచిపోతుంది. కునుకు తీసి లేచాక, రేపు సోమవారమని గుర్తొచ్చాక, "పదండి ఎటైనా వెళ్దాం" అంటాం. వాళ్ల ఆదివారం ముగిసే వేళకి మన ఆదివారం మొదలవుతుంది. మేం ఆ రెంటి మధ్య సందులో ఇరుక్కున్నాం.

సరే, కూర్చున్నాం. మావాడు కారుకి చోటు వెతకడానికి వెళ్లాడు, కోడలు పిల్లాణ్ణి ఆడించడానికి వెనక తోటలోకి వెళ్లింది. పది నిమిషాలయింది. ఎవరూ రాలేదు. మన దగ్గరయితే కుర్చీ లాగిన చప్పుడుకే కుర్రాడు వచ్చి నాలుగు వేళ్లు నాలుగు గ్లాసుల్లో ముంచి తెచ్చి బల్ల మీద టక్కున పెట్టి, ఇడ్లీ వడ పూరీ దోశ అంటూ ఊపిరి తీసుకోకుండా చదివేస్తాడు. ఇక్కడ మంచినీళ్లకి కూడా దిక్కులేదు. నల్ల చొక్కా అమ్మాయి రెండుసార్లు మా పక్కనుంచే వెళ్లింది, చిరునవ్వు నవ్వింది, ఖాళీ గ్లాసులు ఏరుకుపోయింది. ఇరవై నిమిషాలయ్యాక మా ఆవిడ, "పెట్టకపోతే పోయె, పలకరించడానికేం?" అంది. నాకు లోలోపల వేరే అనుమానం మొలిచింది. మన రంగుకి, ఆవిడ చీరకి, నా మంకీ క్యాపుకి ఏదైనా సంబంధం ఉందేమో. ఆ అనుమానం ఒకసారి మొలిచిందంటే దానికి నీళ్లు పోయనక్కర్లేదు.

మావాడు వచ్చి నవ్వాడు. "ఇక్కడ ఎవరూ రారు నాన్నా. మనమే కౌంటరు దగ్గరికెళ్లి అడగాలి, డబ్బులు అక్కడే కట్టేసి బల్ల నంబరు చెప్పి రావాలి." అయ్యో అనుకుని వాడి వెంట వెళ్లాను. కౌంటరు దగ్గర ఓ పదిమంది ఉన్నారు, క్యూ మాత్రం లేదు. మా ఊరి సినిమా హాలు టికెట్ల కిటికీ దగ్గర పెరిగినవాణ్ణి, ఎక్కడ మోచెయ్యి దూర్చాలో చూసుకుంటున్నాను. మావాడు నా చెయ్యి పట్టి ఆపాడు. "క్యూ ఉంది. కనిపించదంతే."

నిజంగానే ఉంది. వచ్చినవాడు వచ్చినట్టే తనకంటే ముందు ఎవరున్నారో ఓసారి కళ్లతో లెక్కేసుకుంటాడు. పోసేవాళ్లూ లెక్కేసుకుంటారు. "తర్వాత ఎవరు?" అని అడిగితే, ఎవడూ చెయ్యి ఎత్తడు, పక్కవాడి వైపు చూపిస్తాడు. నా వంతు వచ్చిందని నాకే తెలియదు. మెడ మీద పచ్చబొట్టున్న ఓ భారీ మనిషి, మొహం చూస్తే కరుస్తాడేమోనన్నట్టు ఉన్నాడు, బొటనవేలు నా వైపు తిప్పి "ఈయన ముందు" అన్నాడు.

అంతే. అదేం పెద్ద ఘనకార్యం కాదు, వాళ్లకి అలవాటు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్న సామెత మీద బతికిన ప్రాణం నాది. చిన్నప్పుడు మా ఊళ్లో పెళ్లిళ్లకి పిల్లలందరం ముందు చూసుకునేది, నేతిగిన్నె ఎవరి చేతిలో ఉందని. మా మేనమామ చేతిలో ఉంటే ఎక్కడ కూర్చున్నా ఫరవాలేదు. నా విస్తట్లో పూర్ణబ్బూరె చిల్లిలో నెయ్యి నిండి పొంగేది, నా పక్కవాడి బూరె మీద గరిటె నీడ మాత్రం పడేది. బంతిలో వలపక్షం పాపమని పెద్దలు అనేవాళ్లు. అంటూనే చేసేవాళ్లు. బ్యాంకులో ముప్పై మూడేళ్లు పనిచేసినప్పుడూ అంతే: లోను, బదిలీ, రైలు రిజర్వేషను, ఆస్పత్రిలో మంచం, ఏది కావాలన్నా మొదట తలచుకునేది అక్కడ మనవాడెవడున్నాడని. మనవాడు కానివాడొకడు నా వంతు నాకు ఇప్పించడం, అందులోనూ నేను అడక్కుండా, అరవై దాటాక మొదటిసారి చూశాను.

"మన దగ్గర ఇలాంటివి ఉండేవా నాన్నా, వెనకటికి?" అని మావాడు తిరుగుదారిలో అడిగాడు. ఉండకేం. ఓరుగల్లులో రూక ఇస్తే పూటకూళ్ల ఇంట్లో ఎంత భోజనం పెట్టేవాళ్లో క్రీడాభిరామంలో ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు పట్నమంతా తిరిగి చూసే కథ అది. కాలేజీలో చదివినప్పుడు నోరూరింది గాని, ఆ పూటకూళ్ల ఇంట్లో ఎవరిని ఏ అరుగు మీద కూర్చోబెట్టేవారో అడగాలన్న బుద్ధి పుట్టలేదు. అలాగే బ్రహ్మనాయుడు. మా పల్నాడువాడే. కులాలన్నిటినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని సాంఘికశాస్త్రం పరీక్షలో రాశాను, అయిదుకి నాలుగు మార్కులు వచ్చాయి. రాసి బయటికొచ్చి బడి ఎదురుగా ఉన్న పూరింటి హోటల్లో టీ తాగాను.

అది 1972. ఆ హోటల్లో లోపలి బల్లలవాళ్లకి గాజు గ్లాసులు. బయట చూరుకి మేకులు కొట్టి నాలుగైదు సొట్టలు పడ్డ అల్యూమినియం గ్లాసులు వేలాడదీసేవారు. అవి తీసుకుని, పట్టుకుని, పైనుంచి పోయించుకుని, తాగి, కడిగి, మళ్లీ ఆ మేకుకే తగిలించి వెళ్లాల్సినవాళ్లు కొందరుండేవాళ్లు. మా క్లాసులో లెక్కల్లో ఎప్పుడూ నాకంటే ముందుండే కుర్రాడు ఒకడు వాళ్లలో ఉన్నాడు. పరీక్షయ్యాక నేనూ వాడూ ఒకే ప్రశ్నకి జవాబు పోల్చుకుంటూ నడిచి వచ్చాం. హోటలు ముందు ఇద్దరం ఆగాం. నేను లోపలికెళ్లాను, వాడు చూరు దగ్గర ఆగిపోయాడు. గోడకి అటూ ఇటూ ఉండి మాట్లాడుకుంటూనే తాగాం. వాడి జవాబే కరెక్టు. గ్లాసు సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాకు కనిపించలేదని చెప్పుకోవడానికి కూడా లేదు, కనిపించింది.

అప్పటికే రాజ్యాంగం వచ్చి ఇరవై రెండేళ్లు. కులం పేరుతో, మతం పేరుతో హోటళ్లలోకి, దుకాణాల్లోకి, చెరువుల దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా ఆపకూడదని పదిహేనో అధికరణంలో స్పష్టంగానే రాసుకున్నాం. 1955లో అంటరానితనం నేరాల చట్టం కూడా వచ్చింది. అవన్నీ ఢిల్లీలో ఉన్నాయి, అల్యూమినియం గ్లాసులు మా ఊళ్లో ఉన్నాయి.

రెండో ఆదివారం మావాడు స్మెథిక్ తీసుకెళ్లాడు. బర్మింగ్‌హామ్‌ని ఆనుకునే ఉంటుంది. అక్కడ పంజాబీలు నడిపే పబ్బులున్నాయి, దేశీ పబ్బులంటారు. బయటినుంచి చూస్తే అచ్చు ఇంగ్లీషు పబ్బే: ఎర్ర ఇటుక గోడ, గాలికి కిర్రుమనే బొమ్మల బోర్డు. (సారాయి అమ్మే చోట గుర్తు వేలాడదీయాలని 1393లో రెండో రిచర్డు రాజు శాసించాడట. చదవడం రానివాళ్లకి ఆ బొమ్మే పేరు, మన ఎన్నికల గుర్తులకి తాతగారన్నమాట.) తలుపు తీస్తే మాత్రం తందూరు పొయ్యి వాసన, టీవీలో క్రికెట్, చిటపటలాడే ఇనుప పళ్లెం నెత్తిన పొగ పెట్టుకుని బల్లల మధ్యనుంచి వస్తోంది. దాన్ని మిక్స్‌డ్ గ్రిల్ అంటారు. కోడి ముక్కలు, శీఖ్ కబాబు, గొర్రె పక్కటెముకలు, కింద ఉల్లిపాయ చక్రాలు మాడుతూ ఉంటాయి. ఇక్కడ రోస్టు అయిపోవడమంటూ లేదు. ఆదివారం రాత్రి ఏడున్నరకి మూడు తరాల సర్దార్జీల కుటుంబాలు, వాళ్ల పక్కనే పుట్టుకతో ఆ ఊరివాళ్లయిన తెల్ల ముసలాళ్లు, నాన్ రొట్టె చింపి నంజుకుంటూ. మా ఆవిడ నిమ్మకాయ పిండుకుని, పచ్చిమిరపకాయ కొరికి, దేశం విడిచిన తర్వాత మొదటిసారి తృప్తిగా త్రేన్చింది.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన, ఎనభై పైబడి ఉంటుంది, నీలం తలపాగా. నా హిందీ, ఆయన హిందీ రెండూ కుంటివే కాబట్టి బాగా కలిశాయి. ఇక్కడి ఫౌండ్రీల్లో ఇనుము పోతపోసే పని చేశాడట. కొలిమి దగ్గర ఎనిమిది గంటలు నిలబడ్డాక గొంతు తడుపుకోవడానికి పబ్బు కావాలి. "వెళ్లేవాళ్లం. ఆ గది మీకు కాదనేవారు" అన్నాడు, గిన్నెలో పుదీనా పచ్చడి నా వైపు జరుపుతూ.

మిగతాది ఇంటికొచ్చి చదువుకున్నాను. అందరి ఇల్లు అన్నారే, దానికి గదులున్నాయి. పబ్లిక్ బార్ అని చవక గది, లాంజ్ అనీ స్మోక్ రూమ్ అనీ కాస్త మెత్తటి కుర్చీల గదులు. మొదట అది డబ్బున్నవాడికీ లేనివాడికీ మధ్య గోడ. ఫౌండ్రీలకి మనవాళ్లు వచ్చాక చాలా చోట్ల తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య గోడ కూడా అయింది. 1964 ఎన్నికల్లో స్మెథిక్‌లో ఆ గోడనే ఓట్లుగా మార్చుకున్నారు; ఆ ఊరి పేరు దేశమంతా మోగింది, మంచిగా కాదు. అవతార్ సింగ్ జోహల్ అనే ఫౌండ్రీ కార్మికుడు, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ మనుషులు, తెల్ల విద్యార్థుల్ని వెంటేసుకుని పబ్బు తర్వాత పబ్బుకి వెళ్లి, వాళ్లకి పోసి మాకెందుకు పోయరని నిలదీసేవారు. 1965 ఫిబ్రవరి 12న వాళ్ల పిలుపు మీద అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆ ఊరొచ్చాడు. బ్లూ గేట్స్ అనే పబ్బులో స్మోక్ రూమ్‌లో కూర్చుని అడిగితే ఆయనకీ పోసేది లేదన్నారు. ఆయన మద్యం ముట్టని ముస్లిం. ఆయనడిగింది గది. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్కులో ఆయన్ని కాల్చి చంపారు. ఆ ఏడాది చివర్లోనే, బహిరంగ స్థలాల్లో రంగు చూసి మనిషిని ఆపడం తప్పని బ్రిటన్ మొదటి చట్టం చేసింది. మన రాజ్యాంగం కంటే పదిహేనేళ్లు వెనక.

ఈ పదిహేనేళ్ల తేడా చదివి మొదట కొంచెం గర్వపడ్డాను. నిజం దాచుకోను. మనం ముందు రాశాం కదా అని. తర్వాత చూరుకున్న మేకులు గుర్తొచ్చాయి. స్మెథిక్‌లో మనవాళ్లకి గది వేరయింది, మా ఊళ్లో గ్లాసు వేరయింది; చట్టం వచ్చాక స్మెథిక్ మనవాళ్లలో కొందరు ఆ పబ్బులకే యజమానులయ్యారు, మూతపడబోతున్న వాటిని కొని తందూరు పెట్టి బతికించారు. ఈ రోజు స్మెథిక్‌లో తెల్ల ముసలాయన తన ఆదివారం సాయంత్రం కోసం సర్దార్జీ గుమ్మం తొక్కుతున్నాడు. నా క్లాసువాడు ఏమయ్యాడో ఆ రాత్రి ఫేసుబుక్కులో వెతికాను. ఒకే పేరుతో ఎందరో ఉన్నారు. ఫొటోలన్నీ ముసలివే. వాడి పదిహేనేళ్ల మొహమే నాకు తెలుసు.

ఈ సంగతులన్నీ మా ఆవిడకి చెప్తే, సగం వరకూ విని, "మరి ఆడవాళ్లకి?" అంది. నాకు తట్టని ప్రశ్న. మావాడు వెతికి చెప్పాడు. లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ అని పత్రికలవాళ్ల వీధి. అక్కడ ఎల్ వినో అనే వైన్ బార్‌లో కౌంటరు దగ్గర నిలబడి ఆడవాళ్లు అడిగితే పోసేవారు కాదు. వెనక గదిలో బల్ల దగ్గర కూర్చుంటే తెచ్చిస్తామనేవారు. అది చూడ్డానికి మర్యాదలా ఉంటుంది, మనం 'ఫ్యామిలీ సెక్షన్' అని తెర కట్టినట్టు. ఇద్దరు ఆడవాళ్లు కోర్టుకెక్కి 1982లో అప్పీలు కోర్టులో గెలిచారు. మా ఆవిడ ఆ ముక్క విని ఏమీ అనలేదు. పెళ్లయిన కొత్తలో విజయవాడలో ఒక హోటల్లో ఫ్యాను లేని ఫ్యామిలీ రూములో చెమటలు కారుతూ తిన్న సంగతి మాత్రం, ఆ హోటలు పేరుతో సహా, ఏ వీధో, ఏ కూరో కూడా చెప్పింది. నాకు ఆ హోటలు గుర్తే లేదు. నేను భోజనాన్ని మెచ్చుకున్నానట.

మూడో ఆదివారం మళ్లీ మొదటి పబ్బుకే వెళ్దామంది. రోస్టు ఉండదని తెలుసు, "చేపలూ బంగాళాదుంపలూ ఉంటాయి కదా, అవి తిందాం, కౌంటరు దగ్గరికి నేనెళ్తా" అంది. కోడలు కాగితం మీద తెలుగు లిపిలో రాసిచ్చింది: ఫిష్ అండ్ చిప్స్ నాలుగు, పిల్లాడికి చిన్నది, టేబుల్ పద్నాలుగు. దారంతా కార్లో వల్లించింది.

అప్పటికే ఏడున్నర దాటింది. కౌంటరు దగ్గర జనం. మేం బల్ల దగ్గర కూర్చుని దూరంనుంచి చూస్తున్నాం. పట్టుచీర మీద మావాడి స్వెట్టరు, చేతిలో కాగితం, వరలక్ష్మీవ్రతానికి వాయనం పట్టుకెళ్తున్నట్టు నిలబడింది. అడుగు ముందుకి వెయ్యదు, వెనక్కీ రాదు. ఓ అమ్మాయి జరిగి చోటిచ్చింది. పోసే కుర్రాడు తలెత్తి, తర్వాత ఎవరని అడిగాడు. ఇద్దరు ముగ్గురు మా ఆవిడని చూపించారు. నాకు కుర్చీలో నిలవబుద్ధి కాలేదు.

ఆవిడ నోరు తెరిచింది. మళ్లీ మూసింది. వెనక్కి తిరిగి, తన భుజం ఎత్తుకి కూడా రాని ఒక ముసలాయన్ని, చేతికర్ర ఆనుకుని నిలబడ్డవాణ్ణి, చూపించి, "ఆయన ముందొచ్చాడండీ" అంది. తెలుగులోనే. అక్కడున్న అందరికీ అర్థమైంది. ముసలాయన తల వంచి, మూడు పూటల భోజనమంత పెద్ద ఆర్డరు నింపాదిగా చెప్పుకున్నాడు. దుంపలు మెత్తవా, బఠాణీలు నలిపినవా అని కూడా విచారించుకున్నాడు.

తర్వాత మా ఆవిడ తన కాగితం చదివింది, ఒక్క తప్పు లేకుండా. కుర్రాడు గోడ గడియారం చూసి, నిజంగానే నొచ్చుకుంటున్న మొహంతో ఏదో చెప్పాడు. ఆవిడ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"ఏమైందమ్మా?"

"వంటిల్లు మూసేశారట్రా. ఆయనదే ఆఖరు పళ్లెం."

ఇంటికొచ్చి ఆవిడే చారు పెట్టింది, అప్పడాలు వేయించింది. వాడి నియమం ఆ ఆదివారంతో సరి. తింటున్నంతసేపూ ఆ ముసలాయన పళ్లెంలో చేప సంగతే చెప్పింది. మూర పొడవుందట, పైన కరకరలాడే పొర మన మిరపకాయ బజ్జీలా పొంగిందట.